రెండు టర్బోలు మార్చినా బూస్ట్ రాని బండి

ఈ బండి నా దగ్గరికి వచ్చేసరికే దానికి రెండు టర్బోలు మారిపోయాయి. (టర్బో అంటే ఎగ్జాస్ట్ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని తోసేది, ఆ తోసిన గాలి ఒత్తిడే బూస్ట్.) ఒకటి ఎనిమిది నెలల కింద, ఇంకోటి మూడు నెలల కింద. రెండుసార్లూ ఒకటే కథ. ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగట్లేదు, చెక్ లైటు వెలుగుతోంది, ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన వేడి గాలిని చల్లార్చేది) పైపు విప్పి చూస్తే లోపలంతా ఆయిల్, ఇంకేముంది, టర్బో పోయింది మార్చేయండి. మార్చిన తర్వాత వారం పది రోజులు బాగానే ఉన్నట్టు అనిపించింది, మళ్లీ మొదటికొచ్చింది. కోడ్లు (కంప్యూటర్ రాసుకున్న లోపాల నంబర్లు) చెరిపేస్తే ఇంజిన్ కంప్యూటర్ పెట్టిన పవర్ కోత తాత్కాలికంగా పోతుంది కదా, ఆ వారం రోజుల సుఖం టర్బో వల్ల కాదు, అందువల్ల. ఇది నాకూ తర్వాతే అర్థమైంది.

ఓనరు బండి దిగకుండానే అడిగేశాడు: "మూడో టర్బో కొనాలా వద్దా, అదొక్కటి చెప్పండి సార్, చాలు."

బండి సంగతి. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, ఒకే టర్బో, వీజీటీ రకం (లోపలి రెక్కలు, అంటే వేన్లు, తెరుచుకుంటూ మూసుకునేది), వాటిని కదపడానికి ఎలక్ట్రిక్ యాక్చుయేటర్. ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్‌ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) ఉంది, డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది, టర్బో స్పీడ్ సెన్సార్ కూడా ఉంది. ఈ చివరిది లేకపోతే నేను ఇంకో రెండు రోజులు తిరిగేవాణ్ణి. ఏ కంపెనీ బండి అన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు బండిది కాదు.

వీజీటీ మీద పనిచేయని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. పాత వేస్ట్‌గేట్ టర్బోలో బూస్ట్ ఎక్కువైతే ఒక తలుపు తెరుచుకుని కొంత ఎగ్జాస్ట్ టర్బైన్ చక్రానికి తగలకుండా పక్కదారిన పోతుంది, అంతే. వీజీటీలో పక్కదారి లేదు. టర్బైన్ చుట్టూ ఉన్న సందునే చిన్నదీ పెద్దదీ చేస్తారు. నీళ్ల పైపు చివర బొటనవేలు పెట్టి నొక్కితే నీళ్లు దూరం కొట్టినట్టే, వేన్లు మూసుకుంటే ఎగ్జాస్ట్ జోరుగా వచ్చి చక్రాన్ని కొడుతుంది, తక్కువ ఆర్పీఎంలోనే బూస్ట్ వస్తుంది. తెరుచుకుంటే జోరు తగ్గుతుంది, ఇంజిన్ మీద వెనక ఒత్తిడీ తగ్గుతుంది. బూస్ట్ ఎంత కావాలో కంప్యూటర్‌కి ఒక లెక్క ఉంటుంది, మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) చెప్పేదాన్ని దాంతో పోల్చుకుంటూ వేన్లను ఆడిస్తూ ఉంటుంది. ఈ ఆటలో కంప్యూటర్‌కి ఒక గుడ్డితనం ఉంది. బూస్ట్ తక్కువగా ఉందని తెలుస్తుంది గానీ ఎందుకు తక్కువో తెలియదు. దానికి తెలిసిన మందు ఒకటే, ఇంకాస్త మూసి టర్బోని ఇంకాస్త తిప్పడం.

స్కానర్ పెడితే యాక్టివ్‌గా ఉన్న కోడ్ ఎస్‌పీఎన్ (లోపం దేనిలో) 102, ఎఫ్‌ఎంఐ (ఏ రకం లోపం) 18. అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఉండాల్సినదానికంటే తక్కువ. దీన్ని చూసే ఇంతకుముందు రెండు టర్బోలు మార్చారు. కింద పాత కోడ్లలో, యాక్టివ్ కానివాటిలో, ఎస్‌పీఎన్ 103 ఎఫ్‌ఎంఐ 15 కూడా ఉంది. టర్బో స్పీడ్ మామూలు హద్దు దాటింది అని దానర్థం. చూశాను, కాగితం మీద రాసుకున్నాను, పట్టించుకోలేదు. బూస్ట్ తక్కువ, టర్బో స్పీడ్ ఎక్కువ, ఈ రెండూ ఒకే బండిలో ఎందుకున్నాయని అప్పుడే ఆగి ఆలోచించి ఉంటే ఒక రోజు మిగిలేది.

డ్రైవర్‌తో కూర్చున్నాను. నేను ఎప్పుడూ ఓనరు కంటే డ్రైవర్‌నే ముందు అడుగుతా, బండి సీట్లో కూర్చునేది అతనే కాబట్టి. అతను చెప్పింది ఇది: "ఖాళీ బండైతే ఏం లేదన్నా. లోడు మీద కూడా చదును రోడ్డు మీద పర్లేదు. ఎత్తు మొదలయ్యాక ఫుల్ రేస్ ఇస్తే కాసేపు బాగానే లాగుద్ది, తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంటది. కాలు తీసి మళ్లీ ఇస్తే మళ్లీ లాగుద్ది." నల్లపొగ వస్తోందా అని అడిగితే రావట్లేదన్నాడు. అది మామూలే. కొత్త బండ్లలో గాలి తక్కువైతే కంప్యూటర్ డీజిల్ కూడా తగ్గించేస్తుంది, పైగా డీపీఎఫ్ ఉన్న మసిని ఆపేస్తుంది. పాత ఇంజిన్ అయితే పొగ చూసి చెప్పేయొచ్చు, ఇక్కడ మసి అంతా ఫిల్టర్లో కూర్చుంటుంది. ఈ బండికి రీజెన్ (ఫిల్టర్లో పేరుకున్న మసిని కాల్చేయడం) మామూలుకంటే బాగా తొందరగా అడుగుతోందని కూడా అతనే చెప్పాడు.

"కాలు తీసి మళ్లీ ఇస్తే లాగుద్ది" అన్న మాటలోనే జవాబు ఉంది. కానీ అది కూడా కాగితం మీదే ఉండిపోయింది.

ఇక పరీక్షలు. ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సార్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. 101 కిలోపాస్కల్ చూపింది, బారోమీటర్ సెన్సార్ కూడా అంతే. అంటే సెన్సార్ అడుగు లెక్క సరిగ్గా ఉంది. అయినా నాకు నమ్మకం కుదరక ఒక మంచి సెన్సార్ వేసి చూశాను, తేడా ఏం లేదు, ఆ పని అనవసరం. మ్యానిఫోల్డ్ జాయింట్ల దగ్గర, టర్బో ఫ్లాంజ్ దగ్గర మసి చారలు లేవు, అంటే టర్బైన్‌కి చేరకముందే ఎగ్జాస్ట్ కారిపోవడం లేదు. ఈజీఆర్ వాల్వ్ పూర్తిగా మూసుకుంటోంది. వీజీటీ యాక్చుయేటర్‌ని స్కానర్‌తో ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పితే ఎక్కడా ఆగలేదు. డీపీఎఫ్ ముందూ వెనకా ఒత్తిడి తేడా కొంచెం ఎక్కువే గానీ ఇంత పవర్ తినేంత కాదు.

తర్వాత ఇంటర్‌కూలర్ లీక్ టెస్ట్. నా పందెం దీని మీదే. రెండు చివర్లూ బిరడాలు బిగించి, సేఫ్టీ గొలుసులు కట్టి (ఇవి కట్టకుండా ఈ పని చేయొద్దు, ఆ ఒత్తిడికి బిరడా ఊడితే తూటాలా వస్తుంది), 2 బార్ గాలి పట్టి వాల్వ్ కట్టేశాను. చాలా సర్వీస్ మాన్యువల్స్‌లో హద్దు 15 సెకన్లలో 5 పీఎస్‌ఐ, అంటే 0.34 బార్. ఈ బండికి పడింది 0.1 బార్. సబ్బు నీళ్లు కొట్టినా ఎక్కడా బుడగ లేదు. ఓడిపోయాను. వేడెక్కాక మాత్రమే తెరుచుకునే పగులేమో అని బండిని బాగా తిప్పి తెచ్చి వేడి మీద మళ్లీ చేశాను. అదే అంకె.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర రిస్ట్రిక్షన్ గేజ్ ఉంది, గాలి దారిలో అడ్డం వల్ల వచ్చే పీల్పుని నీటి మట్టం ఇంచుల్లో చూపేది. పచ్చగా ఉంది, 9 ఇంచులు. ఫిల్టర్ మార్చమనే హద్దు సాధారణంగా 25 ఇంచుల నీటి మట్టం. గాలి లోపలికి వచ్చే దారి బాగుందని టిక్కు పెట్టేసి ముందుకెళ్లాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఈ టిక్కే.

మర్నాడు పొద్దున లోడు మీదే ఘాట్‌కి తీసుకెళ్లి ల్యాప్‌టాప్‌లో డేటా రికార్డ్ చేశాం. ఎత్తు మీద, ఫుల్ రేస్‌లో, 1,400 ఆర్పీఎం దగ్గర నిలకడగా ఉన్నప్పుడు కంప్యూటర్ అడుగుతున్న బూస్ట్ 200 కిలోపాస్కల్, అంటే గేజ్ లెక్కలో (బయటి గాలి ఒత్తిడి కలపకుండా) 2 బార్. మొదట ఒక పదిహేను ఇరవై సెకన్లు దాదాపు అంతా వచ్చింది. తర్వాత ఒక్కసారిగా జారి 168 దగ్గర ఆగింది. వేన్లు మూసుకోవడం మొదలైంది, 55 శాతం నుంచి 74 శాతానికి. టర్బో స్పీడ్ నిమిషానికి 1,16,000 తిరుగుళ్లకి వెళ్లింది. అక్కడ హద్దు తగిలి కంప్యూటర్ వేన్లు కాస్త తెరిచింది, బూస్ట్ ఇంకా పడింది, మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది. గ్రాఫ్ మీద గీత రంపం పళ్లలా ఉంది. డ్రైవర్ కాలు తీశాడు. రెండు సెకన్లలో అంతా మామూలైంది. మళ్లీ ఫుల్ రేస్, మళ్లీ కాసేపు బూస్ట్ బాగా, మళ్లీ అదే.

బండి పక్కన ఆపించి ఆ గ్రాఫ్‌ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. టర్బో పాడైతే, వేన్లు ఇరుక్కుపోతే, బేరింగ్ పట్టేస్తే, ఎగ్జాస్ట్ కారిపోతే టర్బో మెల్లగా తిరుగుతుంది, అందుకే బూస్ట్ తగ్గుతుంది. ఇక్కడ టర్బో చచ్చేంత వేగంగా తిరుగుతోంది, బూస్ట్ మాత్రం లేదు. అలా జరగాలంటే దారులు రెండే. తోసిన గాలి మధ్యలో ఎక్కడో బయటికి పోవాలి, లేదా తోయడానికి అసలు గాలే అందకూడదు. బయటికి పోవడం లేదని నిన్న రెండుసార్లు రుజువైంది. మరి రెండోది? ఫిల్టర్ గేజ్ 9 చూపిస్తోంది కదా?

గేజ్ ట్యూబు ఎక్కడ తగిలించారో అప్పుడు వెళ్లి చూశాను. ఫిల్టర్ డబ్బా బయటికొచ్చే మూతి మీద ఉంది. అక్కడి నుంచి టర్బో దాకా ఇంకా ముప్పావు మీటరు రబ్బర్ హోస్ ఉంది, ఆ తర్వాత ఒక అల్యూమినియం మోచేయి పైపు. ఆ హోస్‌లో ఏం జరిగినా గేజ్‌కి తెలిసే దారి లేదు. ఇంకా తమాషా ఏంటంటే, హోస్‌లో అడ్డం ఉంటే ఫిల్టర్ గుండా వెళ్లే గాలే తగ్గుతుంది, అప్పుడు ఫిల్టర్ ఇంకా శుభ్రంగా ఉన్నట్టు చూపిస్తుంది.

హోస్‌ని పైనుంచి నొక్కి చూశాను, గట్టిగా ఉంది, పగుళ్లు లేవు. లోడు మీద లోపలికి ముడుచుకుపోతోందేమో అని ఫోన్‌ని ఇంజిన్ దగ్గర కట్టి వీడియో తీస్తూ ఇంకో రౌండ్ వేశాం. హోస్ కదల్లేదు. లోపల స్టీల్ వైరు చుట్టిన రకం, పైకి ముడుచుకోదు. ఇక్కడ మళ్లీ అరగంట పోయింది.

వర్క్‌షాప్‌కి వచ్చి మోచేయి పైపు మీద ఉన్న బిరడా స్క్రూ తీసి, ఆ రంధ్రంలో నిపుల్ బిగించి, సన్నటి ట్యూబుతో వాక్యూమ్ గేజ్‌ని క్యాబిన్‌లోకి లాగాను. అంటే ఇప్పుడు కొలుస్తున్నది టర్బో మూతి దగ్గర, హోస్ దాటాక. మళ్లీ అదే ఘాట్. ఎత్తు మొదలైంది, ముల్లు 14, 15 ఇంచుల దగ్గర ఊగుతోంది. బూస్ట్ పడిన క్షణంలోనే ముల్లు ఎగిరి 100 దాటింది. తలుపు వేసినట్టు. కాలు తీయగానే 5కి వచ్చింది. డ్రైవర్ నా వైపు చూసి "ఇదేనా అన్నా?" అన్నాడు. ఇదే.

హోస్ విప్పి టార్చ్ వేసి చూస్తే లోపల ఏమీ కనిపించలేదు. నల్లగా, ఆయిల్ తడితో మెరుస్తూ, నున్నగా. చెయ్యి పెట్టి బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చాను. టర్బో వైపు కొస నుంచి ఒక జానెడు లోపల వేలు మెత్తగా దిగింది, పక్కకి జరిపితే చర్మం కింద నీటి పొక్కులా లోపలి పొర కదిలింది. చాకుతో హోస్‌ని నిలువునా కోసి తెరిచాం. బయటి పొర, వైరు, గుడ్డ పొర అన్నీ బాగున్నాయి. లోపలి రబ్బర్ పొర మాత్రం ఉల్లిపొరలా ఊడి, అరచేయి కంటే పెద్ద సంచి అయింది. ఇంజిన్ ఆగి ఉంటే అది గోడకి అంటుకుని ఉంటుంది. గాలి జోరు పెరిగి పీల్పు ఎక్కువైతే ఊడిన పొర లోపలికి ఉబ్బి దారి మూసేస్తుంది. దారి ఇరుకైతే పీల్పు ఇంకా పెరుగుతుంది, ఇంకా ఉబ్బుతుంది. కాలు తీస్తే మళ్లీ గోడకి అతుక్కుంటుంది. డ్రైవర్ మొదటి రోజే చెప్పింది అక్షరాలా ఇదే.

ఇప్పుడు అంకెలు పక్కపక్కన పెడితే అంతా కుదురుతుంది. 100 ఇంచుల నీరంటే దాదాపు 25 కిలోపాస్కల్. బయట 101 ఉంటే టర్బో మూతి దగ్గర ఉన్నది 76. సుమారు 2,300 మీటర్ల కొండ మీద ఉండే గాలి అది. బండి ఎక్కుతున్నది చిన్న ఘాటే, టర్బో మాత్రం పెద్ద కొండ మీద పనిచేస్తోంది. టర్బో చేసే పనిని బూస్ట్‌తో కాదు, బయటికి ఇచ్చే ఒత్తిడిని లోపలికి వచ్చే ఒత్తిడితో భాగించి చూడాలి, రెండూ అబ్సల్యూట్ లెక్కలో, అంటే బయటి గాలి ఒత్తిడినీ కలిపి. ఇంటర్‌కూలర్‌లో పోయే కాస్త ఒత్తిడిని వదిలేస్తే, చెడిపోయిన స్థితిలో 269ని (168కి బయటి 101 కలిపితే) 76తో భాగిస్తే 3.5. బాగున్నప్పుడు 301ని 98తో భాగిస్తే 3.1 కూడా లేదు. అంటే తక్కువ బూస్ట్ ఇస్తూ కూడా ఆ టర్బో ఎక్కువ చాకిరీ చేస్తోంది. గేజ్ బూస్ట్ ఒక్కటే చూస్తే ఇది ఎప్పటికీ కనపడదు.

ఆయిల్ సంగతి కూడా ఇందులోనే ఉంది. టర్బో షాఫ్ట్‌కి రెండు వైపులా ఉండేవి పిస్టన్ రింగుల్లాంటి చిన్న ఇనుప రింగులు, రబ్బర్ సీళ్లు కావు. కంప్రెసర్ చక్రం వెనక గాలి ఒత్తిడి ఉంటేనే ఆయిల్ తన గదిలో ఉంటుంది. మూతి దగ్గర ఇంత వాక్యూమ్ వస్తే మంచి టర్బో కూడా ఆయిల్ వదులుతుంది. కొత్త టర్బో వేసినా వదిలింది అందుకే. ఆయిల్ కనిపిస్తే ముందు చూడాల్సినవి మూడు, లోపలికి వచ్చే దారిలో అడ్డం, ఇంజిన్ బ్రీదర్ (లోపలి ఆయిల్ ఆవిరి బయటికి పోయే దారి) మూసుకుపోవడం, టర్బో నుంచి కింద సంపులోకి దిగే రిటర్న్ పైపు. బ్రీదర్, రిటర్న్ పైపు ఈ బండిలో బాగానే ఉన్నాయి.

మరి హోస్ ఎందుకు పాడైంది? ఓనర్‌ని గుచ్చి గుచ్చి అడిగితే తేలింది, ఏడాదిన్నర కింద పాత హోస్ చిరిగితే దారిలో ఎక్కడో సైజు కుదిరిన హోస్ కోసి వేయించారు. సైజు బాగానే ఉంది. కానీ ఈ ఇంజిన్‌లో బ్రీదర్ పైపు ఆ హోస్‌లోకే కలుస్తుంది, ఆయిల్ ఆవిరి రోజంతా దాని గుండానే పోతుంది. అక్కడ వేయాల్సింది ఆయిల్ తట్టుకునే లోపలి పొర ఉన్న హోస్. వేసింది మామూలు రబ్బర్, ఆయిల్ తగిలితే ఉబ్బి పొర వదిలే రకం. ఆ తర్వాత టర్బో వదిలిన ఆయిల్ కూడా తోడైంది.

రిపేరు చిన్నదే. కంపెనీ నంబరు ప్రకారం హోస్, కొత్త క్లాంపులు. ఇంటర్‌కూలర్ విప్పి కడిగాం, అడుగున దగ్గర దగ్గర అర లీటరు ఆయిల్ ఉంది. ఇది మాత్రం ఎవరూ దాటేయకండి. ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్‌ని ఫుల్ రేస్‌లో ఇంజిన్ ఒక్కసారిగా పీల్చుకుంటే అదే ఇంధనం అవుతుంది, కీ తీసినా ఇంజిన్ ఆగదు. బండి మీద ఉన్న టర్బో షాఫ్ట్ ప్లేని (ఇరుసు ఎంత వదులుగా ఆడుతోందో) డయల్ గేజ్‌తో అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కొలిచాం, మాన్యువల్ హద్దులోనే ఉంది, చక్రం అంచులు ఎక్కడా రాసుకోలేదు. అదే టర్బో ఉంచేశాం. హద్దు దాకా తిరిగి తిరిగి ఉన్నది కాబట్టి నాకు కొంచెం అనుమానంగానే ఉండి, నెల తర్వాత మళ్లీ కొలవాలని ఓనరుకి చెప్పాను. చివరగా ఆపిన చోటే రీజెన్ చేశాం.

మళ్లీ అదే ఘాట్, అదే లోడు, అదే 1,400 ఆర్పీఎం. టర్బో మూతి దగ్గర 12 ఇంచులు. అడిగిన బూస్ట్ 200, వచ్చింది 200. వేన్లు 55 శాతం దగ్గరే నిలకడగా ఉన్నాయి, టర్బో స్పీడ్ 1,05,000. గ్రాఫ్ మీద రంపం పళ్లు లేవు. డ్రైవర్ పైదాకా ఒక్కసారి కూడా గేరు దించలేదు.

ఇంతలో ఓనరు టూల్‌బాక్స్ లోంచి గోనెసంచిలో చుట్టిన టర్బో ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. మూడు నెలల కింద విప్పేసిందట, పాత ఇనుముకి వేయబుద్ధి కాక ఉంచుకున్నాడు. చక్రాన్ని వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. డయల్ గేజ్ పెట్టాను. హద్దులోనే ఉంది. "ఇది బాగానే ఉందా?" అన్నాడు. బాగానే ఉందండీ అన్నాను. ఆయన కాసేపు దాన్నే చూసి, మళ్లీ గోనెసంచిలో చుట్టి టూల్‌బాక్స్‌లో పెట్టుకున్నాడు.

వెళ్లే ముందు రిస్ట్రిక్షన్ గేజ్ ట్యూబుని ఫిల్టర్ మూతి నుంచి తీసేసి, మోచేయి పైపు మీద నేను పెట్టిన నిపుల్‌కే తగిలించాం. నెల తర్వాత బండి షాఫ్ట్ ప్లే కొలిపించుకోవడానికి వచ్చింది, ఏం మారలేదు. గేజ్ 13 దగ్గర ఉంది.